ప్రైవేటు చదువు - గంట వెల

బడిపంతులు జీతము చాలక సాయంకాలమున నలుగురు పిల్లలకు ప్రైవేటు చెప్పుకొని సంసారము నెట్టుకొని వచ్చుట తెలుగునాట తరతరములుగ ఎరిగిన సంగతియే. ఆ ప్రైవేటు వీధి అరుగు మీదనో, ముందు వసారాలోనో సాగుచుండెడిది. గోడకొక నల్లబల్ల, నేల మీద చాప, నెల మొదట చేతికందు రుసుము - ఇంతకు మించి దానికి హంగులు లేవు. నేడా అరుగు తెర మీదికి ఎక్కినది. గుంటూరులో కూర్చున్న ఉపాధ్యాయురాలు న్యూజెర్సీలోని బాలునిచే గుణింతము దిద్దించుచున్నది. కరీంనగరములోని గణితశాస్త్ర పట్టభద్రుడు దుబాయిలోని బాలికకు బీజగణితము చెప్పుచున్నాడు. దీనికి ఆన్‌లైన్ ట్యూషన్ అని పేరు. పేరు క్రొత్తది, వృత్తి ప్రాతది. అయితే ఆ ప్రాత వృత్తికి క్రొత్త మధ్యవర్తియు, క్రొత్త గడియారమును, క్రొత్త లెక్కయు వచ్చి చేరినవి. ఆ లెక్కలో ఉపాధ్యాయుని పాలు ఎంత, మర్యాద ఎంత అనునది ఇప్పుడు ఆలోచింపవలసిన విషయము.

ఈ వృత్తిలోనికి వచ్చుచున్నవారు ఎవరో మొదట చూడవలెను. 2025 వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మెగా డి.ఎస్.సి. పేరిట 16,347 ఉపాధ్యాయ పదవులకు పరీక్ష నడపగా, మూడులక్షలకు పైబడి అభ్యర్థులు పోటీపడిరి. పదవి దొరకినవారు పోగా మిగిలిన వారందరును బోధనలో శిక్షణ పొందినవారే. వారి చదువునకు లోపము లేదు. కూర్చుండుటకు కుర్చీ లేకపోయినది. పెండ్లి, పిల్లలు, ముసలివారి సేవ అను కారణములచే ఉద్యోగము విడిచి ఇంటిపట్టున నిలిచిన విద్యావతులు వీరికి తోడు. ఇంటర్మీడియెట్‌లో మార్కులు సులభముగ వచ్చునని ద్వితీయభాషగా సంస్కృతము నెన్నుకొను అలవాటు ప్రైవేటు కళాశాలలలో ప్రబలుటచే తరగతులు కరవైన తెలుగు అధ్యాపకులు మరికొందరు. 2020 మార్చిలో కరోనా వ్యాధివలన బడులు మూతపడినప్పుడు ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులు ఎంతటి ఇక్కట్లు పడిరో ఎల్లరకును తెలియును. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చుటకు పూనుకొనవలసి వచ్చినది. ఆ సాయము కొనియాడదగినదే. కాని పిల్లలకు పాఠము చెప్పువాడు నెల తిరుగకముందే బియ్యమునకు ఎదురుచూడవలసి వచ్చుట ఆ కొలువు ఎంత నిరాధారమో చెప్పక చెప్పినది. తెర మీది బోధనకు మన యువకులు మరలుటకు వేడుక కారణము కాదు, అవసరమే కారణము.

విద్యను అమ్ముకొనుట తగునా యని ఆక్షేపించువారు ఇంకను ఉన్నారు. వారు తరచుగ తలచు ఆధారము కాళిదాసుని మాళవికాగ్నిమిత్రములో కలదు. జీవిక కొరకు మాత్రమే విద్యను వాడుకొనువానిని జ్ఞానమును విక్రయించు వర్తకునిగ లోకము చెప్పుకొనునను అభిప్రాయము ఆ నాటకపు మొదటి అంకమున వినవచ్చును. అయితే ఆ మాట ఎవరి నోట వచ్చినదో, ఎవరిని గురించి వచ్చినదో గమనింపవలెను. పలికినవాడు గణదాసుడు, అతడే రాజాస్థానమున జీతము తీసికొని నాట్యము నేర్పు ఆచార్యుడు. అతడు నిందించినది జీతము పుచ్చుకొనువానిని కాదు; తనకు పదవి దొరకినది గదా యని తృప్తిపడి, విద్యను పరీక్షకు పెట్టుటకు వెరచి, ఇతరులు చేయు నిందను సహించి ఊరకుండువానిని. ఆ కొలతతో కొలిచినచో నెలజీతము చాటున నిద్రించువాడే వర్తకుడు. గంట గంటకును శిష్యుని యెదుట పరీక్షకు నిలుచువాడు కాడు.

ద్రోణుని కథయు ఇట్టిదే. కన్న కుమారునకు పాలు పోయలేని పేదరికమే ఆ బ్రాహ్మణుని ద్రుపదుని కొలువునకును, అచ్చటి అవమానము పిదప హస్తినాపురమునకును నడిపించినది. రాజకుమారులకు విలువిద్య నేర్పి ఆయన బ్రతికెను. అందుకు లోకము ఆయనను తప్పుపట్టలేదు. తప్పుపట్టినది ఏకలవ్యుని బొటనవ్రేలు విషయమున. రుసుము పుచ్చుకొనుట దోషము కాదు; శిష్యుని విద్యనే హరించు రుసుము దోషము. ఈ తారతమ్యము మనస్సునందుంచుకొన్నచో నేటి తెర మీది బోధనలో ఏది వృత్తియో, ఏది వంచనయో తేలిపోవును.

మన వీధిబడులును రుసుము మీదనే నిలిచినవి. 1823 వ సంవత్సరమున బళ్లారి కలెక్టరు కాంబెల్ పంపిన నివేదికలో ఆ జిల్లాయందు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు వ్రాసియున్నది. అనంతపురము అప్పటికి ఆ జిల్లాలోనిదే. 1882 లో గాని విడివడలేదు. పై లెక్క చొప్పున ఒక్కొక్క బడికి సగటున పన్నిద్దరు పిల్లలు. దేశము క్రమముగ పేదపడుచుండుటచే తలిదండ్రులు బడికి పిల్లలను పంపలేకున్నారని ఆ అధికారియే ఒప్పుకొనెను. ఆనాటి పంతులు ధనవంతుడు కాడు. కాని అతనికిని శిష్యుని తండ్రికిని నడుమ మూడవవాడు లేడు. పన్నిద్దరు పిల్లల పేర్లు, ఇండ్లు, మందబుద్ధులు, చురుకుదనములు అన్నియు అతనికి కంఠస్థములు. పంట పండిన యేడు రుసుము నిండుగ వచ్చెడిది, ఎండిన యేడు ఆగెడిది. రెండు సందర్భములందును మాట్లాడుకొనవలసినవారు ఇరువురే. తెర మీది బడికిని దీనికిని అసలు భేదమిచ్చటనే కలదు.

దూరమున ఉన్న పిల్లలకు భారతదేశమునుండి పాఠము చెప్పి సంపాదించు పద్ధతి ఇరువది యేండ్ల నాటిది. 2005 లో కె. గణేశ్ అను వ్యాపారవేత్త బెంగుళూరున ట్యూటర్‌విస్టా అను సంస్థను నెలకొల్పి, నెలకు సుమారు నూరు డాలర్ల చందాకు అమెరికా పిల్లలు ఎన్ని గంటలైనను పాఠము చెప్పించుకొను వసతి కల్పించెను. ఇంచుమించుగ ఆ కాలముననే కర్ణాటక సంగీత విద్వాంసులు ప్రవాసుల పిల్లలకు కంప్యూటరు ద్వారమున సరళీస్వరములు చెప్పుటకు మొదలిడిరి. దీనికి కొంచెము ముందు, 2004 లో, సల్మాన్ ఖాన్ అను యువకుడు బోస్టనులో నుండి దూరముననున్న తన బంధువుల బాలికకు తీరిక వేళల లెక్కలు చెప్పెను. ఆ పాఠములే పెరిగి ఖాన్ అకాడమీ అను ఉచిత విద్యాసంస్థ యైనవి. ఈ మూడును మూడు త్రోవలు. ఒకటి వ్యాపారము, ఒకటి గురుశిష్య సంబంధము, ఒకటి దానము. నేటి తెర మీది బోధనయంతయు ఈ మూడింటి కలయికయే. ఏ త్రోవలో నడచుచున్నాడో ఎరుగని ఉపాధ్యాయుడే నష్టపడుచున్నాడు.

ఇక ఆదాయము సంగతి. ఇంట కూర్చుండి గంటకింత సంపాదింపవచ్చునను ప్రకటనలకు కొదువ లేదు. గంట వెల చూచి మోసపోకుండుటకు ఒక లెక్క వేసి చూతము. గంటకు 300 రూపాయల చొప్పున రోజునకు 4 గంటలు, నెలకు 24 దినములు పాఠము చెప్పు ఒక ఉపాధ్యాయురాలిని ఊహింతము. పైకి చూడ ఆమె నెల రాబడి 28,800 రూపాయలు. పిల్లలను సమకూర్చిపెట్టు వేదిక నూటికి 25 చొప్పున కోసికొన్నచో 21,600 మిగులును. పది పాఠములలో ఒకటి పిల్లవాడు రాక తప్పిపోయినచో 19,440. అంతర్జాల చందా, విద్యుత్తు, పరికరముల అరుగుదల క్రింద 1,440 తీసివేయగా చేతికి వచ్చునది 18,000. ఆమె వెచ్చించిన కాలము మాత్రము 96 గంటలు కాదు. ప్రతి పాఠమునకును ముందు సిద్ధపడుట, తరువాత వ్రాతలు దిద్దుట, తల్లిదండ్రులకు సమాధానము చెప్పుట కలిసి ముప్పాతిక గంట పట్టినచో మొత్తము 168 గంటలగును. 300 అని ప్రకటించిన గంట వెల ఇల్లు చేరునప్పటికి 107 రూపాయలైనది. ఇది ఊహించిన లెక్కయే. ఎవరి అంకెలు వారు వేసికొనవచ్చును. కాని ఏ అంకెలు వేసినను తేలు సత్యమొకటే: కొనువాడు తెర వెలిగియున్న గంటకు మాత్రమే వెల కట్టుచున్నాడు, బోధన అధికభాగము తెర వెలుగక మునుపును, ఆరిన తరువాతను జరుగుచున్నది.

ఆ గంట ఏ వేళ వచ్చునో అదియు ఉపాధ్యాయుని చేతిలో లేదు. న్యూయార్కులో సాయంకాలము 6 గంటలైనప్పుడు ఇచ్చట మరునాటి తెల్లవారుజాము. అచ్చటి వేసవిలో 3.30, శీతకాలమున 4.30. వారు ఏటికి రెండుమార్లు గడియారమును జరుపుకొందురు. ఆ జరుపుట ఇచ్చటివారి నిద్ర మీద పడును. లండనులో 5 గంటలకు కూర్చుండు పిల్లవానికి పాఠము చెప్పవలెనన్న ఇచ్చట రాత్రి 9.30, లేదా 10.30. దుబాయి పిల్లలు కొంత నయము. వారి 6 గంటలు మన 7.30. అయితే అది ఇంటిల్లిపాదికిని వంట వడ్డనల వేళ. దేశాంతరపు పిల్లలకు చెప్పినచో రుసుము హెచ్చు వచ్చునన్నది నిజమే. ఆ హెచ్చులో నిద్ర వెల ఎంత, ఇల్లాలి శ్రమ వెల ఎంత అని విడదీసి చూచువారు తక్కువ.

మధ్యవర్తులైన వేదికల విషయమును నిదానముగ పరిశీలింపవలెను. వారివలన మేలు లేకపోలేదు. మారుమూల పట్టణమునందున్న ఉపాధ్యాయునకు ఖండాంతరమునందలి శిష్యుని వెదకి తెచ్చుట, రుసుము వసూలుచేసి ఇచ్చుట సామాన్యమైన సేవ కాదు. అందులకు కూలి కోరుట న్యాయమే. కాని ఆ కూలి నూటికి 15 మొదలు మూడవవంతు వరకు పోవుచున్నది. మొదటి పాఠపు రుసుమంతయు తామే ఉంచుకొను పద్ధతియు కొందరికి కలదు. శిష్యులిచ్చు చుక్కల లెక్కను బట్టి ఉపాధ్యాయుని పేరు పట్టికలో పైకి లేచును, క్రిందికి జారును. తప్పు దిద్దినందుకు అలిగిన పిల్లవాడు ఒక చుక్క తగ్గించిన మరునెల రాబడి తగ్గును. అట్టి భయమున తప్పును తప్పని చెప్పుటకు నోరాడని బోధకుడు తయారగును. రెండేండ్లు చదువు చెప్పిన పిల్లవాని ఇంటి జాడ ఉపాధ్యాయునకు తెలియగూడదను నిబంధనయు కలదు. శిష్యుడు వేదిక సొత్తు. గురువు అద్దె మనిషి. పనిలో చేర్చుకొనుటకు ముందుగనే ధరావతు అడుగు దొంగ సంస్థలు వేరు; పని యిచ్చువాడు పనివానిని సొమ్మడుగుట ఎక్కడి న్యాయమని ఒక్క నిమిషము యోచించిన వాటి బండారము బయటపడును.

పెద్ద సంస్థల ఆశ్రయము శాశ్వతమనుకొనుటయు పొరపాటే. 2011 లో ఆరంభమైన బైజూస్ కరోనా దినములలో ఆకాశమంత పెరిగినది. 2020 ఆగస్టులో 30 కోట్ల డాలర్లకు వైట్‌హ్యాట్ జూనియర్ అను సంస్థను కొనినది. ఇంటినుండియే పిల్లలకు కంప్యూటరు విద్య నేర్పు స్త్రీలు ఆ సంస్థలో వేలకొలదిగ పనిచేసిరి. 2022 నాటికి బైజూస్ విలువను 2,200 కోట్ల డాలర్లుగ కట్టిరి. 2024 జులైలో అదే సంస్థ దివాలా విచారణకు ఎక్కినది. జీతములు అందక ఉద్యోగులు తిరుగాడిరి. చైనాలో మరియొక విధమున జరిగినది. 2021 జులైలో అచ్చటి ప్రభుత్వము బడిపాఠముల ట్యూషన్లతో లాభమార్జింపరాదని శాసించి, విదేశములలో ఉండి బోధించువారిని నియమించుటను నిషేధించినది. చైనా పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బ్రతుకుచుండిన అమెరికా, ఫిలిప్పీన్సు దేశముల ఉపాధ్యాయులకు వారముల వ్యవధిలో పని పోయినది. వారు చేసిన తప్పేమియు లేదు. వారి శిష్యులు వారివారు కారు, అంతియే.

ఇన్ని వడిదుడుకులకు తోడు ఇప్పుడు యంత్రము పోటీకి వచ్చినది. అమెరికాలోని చెగ్ అను సంస్థ విద్యార్థులు పంపు ప్రశ్నలకు సమాధానములు వ్రాయించుటకు నిపుణులను పెట్టుకొనెడిది. వారిలో పెక్కురు భారతీయులే. ఒక్కొక్క సమాధానమునకు ఇంత యని వారికి ముట్టెడిది. 2022 నవంబరు 30 వ తేదీన చాట్‌జీపీటీ వెలువడినది. 2023 మే నెలలో, విద్యార్థులు ఆ యంత్రము వైపు మొగ్గుచున్నారని చెగ్ అధిపతులు ఒప్పుకొన్న మరునాడే ఆ సంస్థ వాటాల వెల ఇంచుమించు సగమునకు పడిపోయినది. ప్రశ్నకు సమాధానమిచ్చుటయే బోధనయనుకొన్నవారికి ఇది పిడుగుపాటు. సమాధానము ఇకమీదట వెలలేని వస్తువు. మరి ఉపాధ్యాయుడు అమ్మవలసినదేమి?

ఈ ప్రశ్నకు 1984 లో బెంజమిన్ బ్లూమ్ అను అమెరికా విద్యావేత్త ప్రకటించిన వ్యాసము కొంత సమాధానమిచ్చును. ఒక ఉపాధ్యాయుడు ఒక విద్యార్థిని చెంత కూర్చుండబెట్టుకొని చెప్పినచో, ఆ విధముగ చదివినవారిలో సగటు విద్యార్థి సైతము మామూలు తరగతిలోని నూటికి 98 మందిని మించునని ఆయన వ్రాసెను. తరువాతి పరిశోధకులు ఆ లాభము అంత పెద్దది కాదని తేల్చిరి. కాని లాభమున్నదనుటను కాదనలేదు. పిల్లవాడు ఎచ్చట ఆగిపోయెనో, ఎందుచేత ఆగిపోయెనో కనిపెట్టి, ఆ ముడి విప్పి, మరల వానినే నడువనిచ్చుట - ఇదియే విడిగ చెప్పు చదువునందలి సారము. మాళవికాగ్నిమిత్రమున ఇరువురు ఆచార్యుల వివాదము తీర్పవలసి వచ్చినప్పుడు పరివ్రాజిక కౌశికి చెప్పినది ఇదియే. ఒకనికి విద్య తనయందు చక్కగ నిలిచియుండును. వేరొకనికి దానిని ఇతరులయందు నిలుపు నేర్పు ఉండును. రెండును కలవాడే ఉపాధ్యాయులలో మేటియని ఆమె నిర్ణయము. మొదటి గుణమునకు యంత్రము పోటీ రావచ్చును. రెండవది శిష్యుని ఎరుగుటవలన గాని రాదు.

తెలుగు బోధననే తీసికొందము. సిలికానాంధ్ర వారి మనబడి 2007 నుండి అమెరికాలోని తెలుగు పిల్లలకు స్వచ్ఛంద ఉపాధ్యాయులచే అక్షరములు నేర్పించుచున్నది. విడిగ చెప్పించుకొనువారు పెరుగుట చేత మన ఎం.ఏ. పట్టభద్రులకును ఆ దారి తెరచుకొనినది. సివిల్ సర్వీసు పరీక్షకు తెలుగు సాహిత్యమును ఐచ్ఛికముగ తీసికొన్నవారు, పోటీపరీక్షలకు వ్యాకరణము కావలసినవారు దేశములోనే వేలకొలది. కాని తెర మీద తెలుగు చెప్పుట తరగతిలో చెప్పుట వంటిది కాదు. అచ్చట పుట్టిన పిల్లవాని చెవికి టకార తకారముల భేదము, లకార ళకారముల భేదము వెంటనే అందదు. ధ్వనిని కుదించి పంపు యంత్రము ఆ భేదమును మరికొంత మాపును. నాలుక ఎచ్చట తగులవలెనో నోరు తెరచి చూపవలెను. పిల్లవాడు అక్షరము వ్రాసి చూపినచో రూపము కనబడును గాని, చేయి ఎటునుండి ఎటు తిరిగినదో కనబడదు. పుస్తకము మీదికి వంచిన రెండవ కెమెరా లేనిదే ఆ తప్పు దొరకదు. పద్యము కలిసి చదువుటకు వీలులేదు. మాట దాటుటకు పట్టు లిప్తపాటు ఆలస్యము గణములను విరుగగొట్టును. సంగీత గురువులు ఈ చిక్కును ముందే ఎరుగుదురు. తాళము కలుపలేక ఒకరు పాడినపిదప ఒకరు పాడు పద్ధతిని అవలంబించిరి. అమ్మమ్మతో ఫోనులో మాట్లాడుటకు పిల్లవానికి కావలసిన పది వాక్యములు ఏవో ఆ ఇంటి సంగతి తెలిసిన ఉపాధ్యాయునికే తెలియును. ఈ పని గంటల లెక్కలో ఇముడదు. కాని గంట వెల నిలుచునది దీని మీదనే.

ఏకలవ్యుని బొటనవ్రేలు ఇప్పుడు జ్ఞాపకము చేసికొనవలెను. ఇంటిపని చేసిపెట్టుమని, వ్యాసము వ్రాసి యిమ్మని, పరీక్ష సమయమున తెర చాటున సాయపడుమని పెద్ద మొత్తము ఇవ్వజూపువారు కలరు. అట్టి వ్యాపారము నడపుటను ఇంగ్లండులో 2022 నాటి చట్టము నేరముగ ప్రకటించినది. ఆస్ట్రేలియాలో అంతకు ముందే, 2020 లో, అట్టి శాసనము వచ్చినది. చట్టము పట్టినను పట్టకున్నను ఇది శిష్యుని వ్రేలు కోసి దక్షిణగ పుచ్చుకొనుటయే. అటులనే పాఠశాలలలో పనిచేయుచున్న ఉపాధ్యాయులు ప్రైవేటు చెప్పరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టపు 28 వ విభాగము స్పష్టముగ నిషేధించినది. తరగతిలో దాచుకొన్న పాఠమును సాయంకాలము అమ్ముకొనకుండుటకే ఆ నిషేధము. వీధి అరుగునకు బదులు తెర వచ్చినంత మాత్రమున ఆ న్యాయము మారదు.

ఈ పరిస్థితిలో చేయదగినదేమి? ఉపాధ్యాయులు తమ గంటకు వెల కట్టునప్పుడు సిద్ధపాటు కాలమును, దిద్దుబాటు కాలమును కలిపియే కట్టవలెను. రుసుము నెల మొదట పుచ్చుకొనవలెను. ముందు తెలుపక మానిన పాఠమునకు రుసుము చెల్లవలెనని మొదటనే వ్రాసికొనవలెను. మొహమాటముతో మొదలైన ట్యూషను మనస్పర్ధతో ముగియుట మన ఊళ్లలో ఎన్నిమార్లు చూడలేదు! వేదికల వలన వచ్చు శిష్యులు కొందరైనను, ఎరిగినవారి మాట మీద నేరుగ వచ్చు శిష్యులు కొందరుండవలెను. ఒకే వేదిక మీద, ఒకే దేశము మీద బ్రతుకు మోపరాదు. తల్లిదండ్రులు పాఠము జరుగు గదికి వినికిడి దూరమున మెలగవలెను. అది పిల్లలకును రక్షణ, ఉపాధ్యాయునకును రక్షణ. నలుబది రూపాయలు తక్కువకు దొరకెనని మూడు నెలలకొక ఉపాధ్యాయుని మార్చుట మానవలెను. పిల్లవానిని ఎరుగుటకే మూడు నెలలు పట్టును. విశ్వవిద్యాలయములు తెలుగు ఎం.ఏ., బి.ఇడి. పాఠ్యక్రమములలో పరాయి వాతావరణమున పెరిగిన పిల్లలకు మాతృభాషను రెండవ భాషగ నేర్పు పద్ధతికి చోటీయవలెను. పండితుని తయారుచేయుచున్నాము, అక్షరము రానివానికి అక్షరము చెప్పు నేర్పును మాత్రము వాని అదృష్టమునకు వదలివేయుచున్నాము.

ప్రభుత్వము చేయవలసినదియు స్పష్టమే. 2020 లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. వేదికల మూలమున పని పొందువారిని కేంద్ర చట్టము పేరు పెట్టి గుర్తించుట ఇదియే ప్రథమము. వేదికలు తమ వార్షికపు రాబడిలో నూటికి 1 మొదలు 2 వంతుల వరకు - అట్టి పనివారికి చెల్లించు మొత్తములో నూటికి 5 వంతులకు మించకుండ - వారి సంక్షేమనిధికి ఇయ్యవలసియున్నది. అనుబంధ పట్టికలో సవారి బండ్లు, ఆహారపు అందజేత, సరకుల రవాణా, వైద్యము, వృత్తి సేవలు మున్నగునవి ఉన్నవి. బోధన యను మాట విడిగ లేదు. వృత్తి సేవలలో బోధనయు చేరునని ఒక ఉత్తరువుతో తేల్చివేయవచ్చును. తేల్చనిచో ఇంటింటికి అన్నము మోయువానికి దక్కు రక్షణ ఇంటింటికి అక్షరము మోయువానికి దక్కకపోవును. జబ్బుపడిన నెల రాబడి లేక, ప్రసవించిన నెల రాబడి లేక, ముసలితనమున పింఛను లేక ఒక తరము ఉపాధ్యాయులు వృద్ధులగుచున్నారు. మన పిల్లలకు చదువు చెప్పువారి గతి ఇది యగుట ఎవరికిని గౌరవము కాదు.

ప్రైవేటు చెప్పి బ్రతుకుట హీనమని ఎవరును తలవంచుకొన పనిలేదు. మన పెద్దలలో ఎందరో ఆ దీపపు వెలుగుననే చదివి పైకి వచ్చిరి; ఎందరో ఆ దీపము క్రిందనే చెప్పి బిడ్డలను పెంచిరి. తెర వచ్చినందువలన ఆ వృత్తి చెడలేదు, బాగుపడను లేదు; దాని బేరము మాత్రము మారినది. బేరమున ఓడిపోవు ఉపాధ్యాయుడు పాఠమునందును క్రమముగ ఓడిపోవును. నిద్రలేనివాడు, చుక్కలకు జడియువాడు, రేపటి నెల ఎరుగనివాడు పిల్లవాని ముడి విప్పలేడు. గంటకు తగిన వెల యిచ్చి, ఆ గంట వెనుకనున్న గంటలను గుర్తించి, శిష్యుని గురువు ఎరుగనిచ్చినచో ఆ వృత్తి నిలుచును. అంతవరకు అది ఉద్యోగము కాదు, పడిగాపు మాత్రమే.